బెల్లం కొనే నాలుక

"నీ వంటల తప్పు లేదు ప్రమీలా! చీనా డాక్టరే చెప్పిండు!" సైకిల్ దిగకముందే పెళ్లానికి కేకేశాడు విశ్వేశ్వర్.

కొత్త కోడలు ప్రమీల గరిటెతోనే గుమ్మంలోకి పరుగెత్తింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆమె ఏది వండినా అత్తకు చేదే. వంట నేర్చుకుని రమ్మని రేపు పుట్టింటికి పంపడానికి అత్త పెట్టె కూడా సర్దించింది.

"అమ్మా, కార్జంల, గదే లివర్ల, వేడుంటే ఏది తిన్నా చేదే తగుల్తదంట. నిన్ను తోల్కరమ్మన్నడు."

నాగమణమ్మ మూతి తిప్పింది. "గా చీనాయనకు నా నోరేమెర్క? ఉస్మాన్‌గంజ్ బజార్ల మీ నాయిన బెల్లం కొనేది నేను రుచి చూసి చెప్తెనే, ఈ నాలుక మీదనే! బీయే చదివిన పిల్లకు చారు కాసుడు రాదు గానీ, రోగం నాకా?"

ప్రమీలకు ఆ తిట్లు కూడా తియ్యగానే ఉన్నాయి. దేవుడి ముందున్న పటికబెల్లం ముక్క తెచ్చి, నవ్వుతూ చాపింది. "ఇది నేను వండలేదు కదా అత్తమ్మా!"

నాగమణమ్మ చెయ్యి చాపలేదు.

"గది గూడ చేదే," అంది మెల్లగా. "శానా దినాలాయె. గీ ముచ్చట తెలిస్తే మీ మామ బెల్లం రుచి ఇంక నన్నేం అడుగుతడు?"

ప్రమీల నవ్వు ఆగిపోయింది. ఇన్నాళ్లూ తనను కసిరింది అత్త కాదు, అత్త భయం.

"గట్ల గుడ్లప్పగించి చూడకు," కసిరింది నాగమణమ్మ మళ్లీ. "పెట్టె విప్పు. రేపు పొద్దుగాల ఆ చీనాయన తాన్కి ఇద్దరం పోదాం. మీ మామకు మాత్రం రోగం నీకని చెప్త."