అందరూ తుమ్మే సినిమా

పోపులో మిరపకాయ మాడి నేను తుమ్మితే, మా ఆయన తిరుపాల్ పడీపడీ నవ్వాడు.

"ఎందుకంత నవ్వు?"

"మా ఆఫీసులో బాగుచేస్తున్న పాత సినిమా గుర్తొచ్చింది. నేనూ షాహీనూ చూశాంలే."

ఆయనా, ఆయనతో పనిచేసే ఆ అమ్మాయీ ఒకే సినిమా చూశారా! ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుంటే ఎవరి మనసుకు తగ్గ సినిమా వాళ్లకే తయారవుతుంది. నాలుగేళ్లుగా మేమిద్దరం పక్కపక్కనే కూర్చుని వేరే వేరే సినిమాలు చూస్తున్నాం. ఇద్దరం కలిసి నవ్వింది ఒక్కసారీ లేదు.

మర్నాడు నేనూ ఆయనతో ఆఫీసుకు వెళ్లాను. నిషేధించిన నాటకమొకటి తీసుకుని మనవాళ్లూ హంగరీవాళ్లూ కలిసి ఆ పాత సినిమా తీశారట. అప్పట్లోనే పెద్దగా ఎవరూ చూడలేదట.

"రండి వదినా, అన్న పక్కన కూర్చోండి" అంటూ షాహీన్ జరిగింది.

తెర మీద రాజు తుమ్మాడు. చట్టం ప్రకారం సభంతా తుమ్మింది. తుమ్ము రాని మంత్రి పక్కవాడి మీసం పీకి ముక్కులో దూర్చుకున్నాడు. తిరుపాలూ షాహీనూ మాత్రం మంత్రి చెయ్యి లేవకముందే నవ్వడం మొదలుపెట్టారు.

"ఏం ఈశ్వరీ, నవ్వు రాలేదా?" అన్నాడు తిరుపాల్.

కడుపులోంచి నవ్వు తన్నుకొస్తోంది.

"ఇందులో ఏముందని నవ్వాలి?" అని పెదవి గట్టిగా కొరికి పట్టుకున్నాను.