బుధవారం వాళ్ళ కథ

ఇంట్లో ఆదివారం డ్యూటీ అని చెప్పి బస్సు డ్రైవరు రచయితల సంఘానికి వచ్చాడు. బుధవారం బృందం పేర్లు లేకుండా పంపిన కథలకు ఈ ఆదివారం బృందమే బహుమతి నిర్ణయించాలి.

ఒక కథ తీసి పైకి చదివాడు. "మా ఆయన ఆదివారం బస్సు డ్యూటీకని వెళ్తాడు. యూనిఫాం మాత్రం దండెం మీదే ఆరుతుంటుంది."

గది గొల్లుమంది. పగలబడి నవ్వుతూనే అతను తన పూలచొక్కా చూసుకుని గతుక్కుమన్నాడు.

"ఆపావేం? చదువన్నా!"

అతను తర్వాతి వాక్యాలు చదివాడు. "నేనేమీ అడగను. బుధవారం కుట్టుక్లాసుకని వెళ్ళే నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు మరి."

సభ ముగియగానే గాల్లో తేలుతూ ఇంటికి చేరాడు.

"డ్యూటీ ఎలా అయింది?" అంది భార్య.

"బ్రహ్మాండం! మొదటి బహుమతి నీదే!"

ఆమె నాలిక కరుచుకుంది. మరుక్షణమే అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"నవ్వారా? ఎక్కడెక్కడ నవ్వారు?"