నక్టా పిల్లలు చెట్టు దిగిన పొద్దు

నోట కరచుకొని దించుతుందన్నాడు పురుషోత్తం. వీపు మీద ఎక్కించుకొని దించుతుందన్నాడు మైసయ్య. బర్రెలు పిండే వేళ దాటిపోతోంది. ఇద్దరూ చింతచెట్టు కింద మెడలెత్తి నిలబడి వాదించుకుంటూనే ఉన్నారు.

కిషన్‌బాగ్ చివర మైసయ్య కొట్టం వెనక ఉంది ఆ చెట్టు. దాటితే మీరాలం చెరువు. మూడు నిలువుల ఎత్తున చెట్టుకొక తొర్ర. వానలు పడగానే అందులో ఒక నక్టా గుడ్లు పెట్టింది. నక్టా అంటే అడవి బాతు. మగదానికి ముక్కు మీద నల్లటి గడ్డ ఉంటుంది, వానకాలంలో అది ఇంకా ఉబ్బుతుంది. ఆడదానికి గడ్డ ఉండదు, ఒళ్ళు కూడా చిన్నది. ఆడది తెల్లవారి చెరువులో మేసి వచ్చి తొర్రలో దూరుతుంటే, మగది ఒడ్డున నిలబడి చూస్తుండేది.

రెక్కలు రాని పిల్లలు అంత ఎత్తు నుంచి నీళ్ళకు ఎట్లా చేరతాయన్నదే ఇప్పటి లొల్లి. మైసయ్యకు వాళ్ళ తాత చెప్పాడు. కచ్చేరీలో చప్రాసీ పని చేసే పురుషోత్తానికి శికారుకు పోయే సాహెబు ఒకాయన చెప్పాడు.

"మీ తాతకు కండ్లు కనబడకపోతుండె గద మైసన్నా."

"మీ సాహెబు బాతును పళ్ళెంలనే చూసిండు."

మైసయ్య భార్య నాగమణమ్మ గోడకు పిడకలు కొడుతోంది. వెనక్కి తిరక్కుండానే, ఎవరి మాట అబద్ధమైతే వాళ్ళు మీసం తీసెయ్యండి, లొల్లి దేనికి అంది. ఇద్దరూ సరే అన్నారు. అన్నాక గాని మైసయ్యకు అసలు సంగతి తట్టలేదు. ఆ బస్తీలో ఇంట్లో చావు జరిగితేనే మీసం తీస్తారు. అతను పాలు పోసేది నలభై ఇళ్ళకు. నలభై గడపల్లోనూ ఎవరు పోయారని అడుగుతారు. బాతు పిల్లలని చెప్పాలి.

మర్నాటి నుంచి కాపలా మొదలైంది. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు కాబట్టి ఇద్దరూ కూర్చున్నారు. పురుషోత్తం కచ్చేరీకి పోయేదాకా ఉండి, వచ్చాక మళ్ళీ కూర్చునేవాడు. పాలు నాగమణమ్మే పిండింది, ఆమే పోసింది. ఒకనాడు తల్లి మేతకు పోయినప్పుడు మైసయ్య నిచ్చెన వేసి తొర్రలోకి తొంగి చూశాడు. పది గుడ్లు, వెన్న రంగువి. తల్లి తన రొమ్ము ఈకలే పీకి వాటి మీద కప్పి పోయింది. అతను ముట్టుకోలేదు. దిగి వచ్చి, మీసం సంగతి మరచిపోయి ఆ ఈకల సంగతి పురుషోత్తానికి చెప్పాడు. పురుషోత్తం కూడా నిచ్చెన ఎక్కి చూసి వచ్చాడు.

మూడు వారాలకు, ఒక శుక్రవారం పొద్దున, తల్లి తొర్రలోంచి ఎగిరి వచ్చి చెట్టు మొదట్లో గడ్డిలో నిలబడింది. మెల్లగా కుర్ కుర్ మంది. తొర్ర అంచున వేలెడంత తల ఒకటి బయటకు వచ్చింది. ఇటు చూసింది, అటు చూసింది. పడిపోయింది.

దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి.

"తొర్రల పాము సొచ్చింది" అంటూ మైసయ్య లేచి ఉరికాడు. తల్లి బెదిరి చెరువు దిక్కు ఎగిరిపోయింది. పురుషోత్తం తువ్వాల పరిచి పిల్లల్ని ఏరాడు. పదికి పది దొరికాయి. మైసయ్య నిచ్చెన ఎక్కి కట్టెతో తొర్రంతా కెలికాడు. పాము లేదు, తేలూ లేదు. పిల్లల్ని ఒక్కొక్కటే జాగ్రత్తగా లోపల పెట్టి, చెమటలు తుడుచుకుంటూ దిగాడు.

ఇక తల్లి వచ్చి తీరుగా దించుకుంటుందని ఇద్దరూ దూరంగా పోయి కూర్చున్నారు. తల్లి వచ్చింది. మళ్ళీ కుర్ కుర్ మంది. పది పిల్లలూ మళ్ళీ టపటపా రాలాయి. దూది ఉండల్లాగా గడ్డి మీద పడి ఎగిరి, ఒళ్ళు దులుపుకొని లేచాయి. ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు. తల్లి ముందు నడిచింది, పదీ దాని వెనక వరసగా నడిచి తుంగలోకి పోయాయి.

వీపు లేదు, నోరు లేదు. వాటంతట అవే దూకాయి.

పురుషోత్తం గొంతు తగ్గించి, ఎవరూ చూడలేదు గదా అన్నాడు. మైసయ్య తలూపాడు. అతని చేయి మీసం మీదికి పోయింది.

అప్పుడే కొట్టం పక్క నుంచి మంగలి రామ్‌చందర్ వచ్చాడు. చంకలో కత్తుల పెట్టె. వచ్చి రాతి మీద కూర్చొని కత్తి నూరడం మొదలుపెట్టాడు.

"నిన్నెవరు పిలిచిండ్రు రామ్‌చందర్?"

"అక్కనే. నిన్న మాపటికి కబురు పెట్టింది, పొద్దుగాల రెండు మీసాలున్నయని."

"రెండా?"

మైసయ్య వెనక్కి తిరిగాడు. నాగమణమ్మ గంప చేత్తో పట్టుకొని నిలబడి ఉంది. రెండేళ్ళ నుంచి ప్రతి వానకాలం ఆ చెట్టు కింద పేడ ఎత్తుతూ ఆ పిల్లలు దూకడం చూస్తూనే ఉన్నానంది. తొర్రలో కిచకిచలు నిన్ననే విన్నానంది.

"మరి ముందుగాలనే చెప్పొద్దా?" అన్నాడు మైసయ్య.

ఆమె గంప కింద పెట్టి, అతని ముఖంలోకి తేరిపార చూసింది.

"పెండ్లయి ఇరవై రెండేండ్లాయె. గా మీసం కింద ఏమున్నదో ఒక్కపారన్న చూద్దామని."