సమ్సోను చుట్టం

వారం రోజులుగా లేవని సమ్సోను లేచి నిలబడింది.

సంపూర్ణమ్మ టీచరు చేతిలో పాలన్నం గిన్నె అలాగే ఉండిపోయింది.

గేటు దగ్గర ఎవరో కుంటి మనిషి. యాభై ఏళ్ళుంటాయి. చేతిలో తేగల కట్ట.

"తేగలు కావాలాండీ?"

ఆమె జవాబు చెప్పేలోపే ఆ పదమూడేళ్ళ ముసలి కుక్క వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ పోయి అతని పాదాల మీద మూతి ఆనించింది.

"ఓరి దీని దుంప తెగ! పరాయివాళ్ళ నీడ పడితేనే మొరుగుతుందయ్యా ఇది. ఏం మందు పెట్టావేంటి?"

"నాకు కుక్కలంటే ప్రాణమండి," అన్నాడతను.

పశువుల డాక్టరు పది రోజులే అన్నాడు. మొగుడు పోయాక, పిల్లాజెల్లా లేని సంపూర్ణమ్మకి మిగిలింది ఆ ఒక్క ప్రాణమే. ఆ పది రోజులూ కడుపునిండా పెట్టి, తన ఒళ్ళోంచే సాగనంపాలని ఆమె ఆశ. కానీ అది ఆమె చేతి ముద్ద ముట్టదే!

అతను పెడితే తింది.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. "వచ్చాడమ్మా సమ్సోను చుట్టం!" అంటూ ఆమె గేటు తీసేది.

అతను దాని చెవులు నిమురుతూ కూర్చుంటే, ఆమె వరద కథ ఎత్తుకునేది.

"నాలుగేళ్ళయిందయ్యా. లంకంతా మునిగిపోతోంది. దీన్ని ఎత్తుకుని పడవెక్కాను. ఆ పడవవాడు వానకి తలమీద టార్పాలిన్ పట్టా కప్పుకుని, మొహం కనపడకుండా దయ్యంలా ఉన్నాడు. 'మనుషులకే చోటు లేదు, కుక్కేంటండీ' అని తెడ్డుతో నీళ్ళలోకి తోసేశాడు! పాపం, ఈదుకుంటూ ఎంత దూరం వచ్చిందో. ఆ కళ్ళు ఇప్పటికీ కలలోకొస్తాయి."

"మరి ఎలా బతికిందండి?"

"మూడో రోజు వచ్చి చూస్తే చర్చి డాబా మీదుంది. ఎలా ఎక్కిందో ప్రభువుకే ఎరుక. ఆ పడవవాడు మాత్రం నాశనమైపోవాలని ప్రతి ఆదివారం మోకాళ్ళ మీద ప్రార్థన చేశాను. పాపమైతే పాపమే!"

"చెయ్యాల్సిందేనండి," అన్నాడతను తల ఎత్తకుండా.

ఎనిమిదో రోజు ఆమెకి ఒళ్ళు మండింది. ఎంత పిలిచినా కుక్క ఇటు తిరగలేదు. పదమూడేళ్ళు పెంచింది తను. నిన్నగాక మొన్న వచ్చినవాడి ఒళ్ళో చావడమేంటి?

"రేపట్నుంచి రాకయ్యా. ఉన్న రెండ్రోజులైనా దీన్ని నాకు వదిలెయ్."

అతను దాని తల మెల్లగా ఒళ్ళోంచి దింపాడు.

"అలాగేనండి."

ఆ తరవాత సమ్సోను పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. పాక్కుంటూ గేటు దగ్గరికి పోయి, రోడ్డు వైపు తల పెట్టి పడుకుంది. ఒళ్ళోకి తీసుకుంటే దిగి మళ్ళీ అక్కడికే పాకింది. రెండో రోజు పొద్దున్న అక్కడే చల్లబడిపోయింది. ఆమె ఎంత మూసినా ఆ కళ్ళు మూతపడలేదు.

ఇంట్లో ఎటు తిరిగినా అవే కళ్ళు. ఆమె ఉండలేకపోయింది. దాన్ని పాతిపెట్టి, చేతుల మట్టయినా కడుక్కోకుండా రేవుకి పరుగెత్తింది. పడవ దాటించే చిట్టియ్య ఒక్కడే ఉన్నాడు.

"ఆ కుంటాయన ఏడి చిట్టియ్యా? తప్పు చేశాను. రానివ్వాల్సింది."

"వెంకన్నాండి? ఈ రెండ్రోజులూ ఇక్కడే కూర్చుని మీ ఇంటి వైపే చూశాడండి. ఇందాక దాని సంగతి తెలిసి, ఏడ్చుకుంటూ అవతలి ఒడ్డుకి పోయాడు. ఇంక ఈ లంకలో కాలు పెట్టనన్నాడండి."

"అసలెవరయ్యా అతను? దానికేమవుతాడు?"

చిట్టియ్య చేతిలో తెడ్డు పడవలో పెట్టాడు.

"చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడండి. దానికి బాగోలేదని కబురెట్టింది నేనే. ఆ వరదలో దాన్ని తోసిందీ అతనే, మిమ్మల్ని ఒడ్డున దింపి, అదే సాయంత్రం దానికోసం వెనక్కెళ్ళి, చర్చి గోడకి పడవ బద్దలై, కాలు విరిగి, నేనొచ్చి ఆసుపత్రికి మోసుకెళ్ళేదాకా రెండ్రోజులు ఆ డాబా మీద దాన్ని గుండెలకి హత్తుకుని కూర్చున్నదీ అతనేనండి."