ఖాళీ చేస్తానన్న మనిషి

ఇల్లు ఖాళీ చేయించడానికి కోర్టు అమీను వచ్చేసరికి, అద్దెకున్నాయన మంచమెక్కి మూలుగుతున్నాడు. గంట క్రితం వీధి చివర సిగరెట్ కాలుస్తూ కనిపించిన మనిషే.

"గుండెల్లో నొప్పి. ఇంకో నెల ఆగమనండి," అన్నాడు.

"జడ్జిగారి ముందు రాజీకి ఒప్పుకుని సంతకం పెట్టారు. గడువు నిన్నటితో అయిపోయింది," అన్నాడు అమీను.

"సంతకానిదేముందండీ, అందరూ పెడతారు." గుమ్మంలో నిలబడ్డ ఇంటి ఓనరమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇల్లేమైనా పారిపోతుందా? నువ్వసలు మనిషివేనా?"

"నాకు ఇవాళే కావాలి," అందావిడ.

అమీను కూలీలను పిలిచాడు. "ఆయన్ని మంచంతో సహా కిందికి దించండి."

దాంతో నొప్పి తగ్గిపోయింది. టీవీని ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే ఎత్తుకుని చకచకా మెట్లు దిగాడు.

ఇల్లంతా ఖాళీ అయ్యాక అమీను తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు. వెళ్లబోతూ ఇబ్బందిగా ఆగాడు.

"రేపు మీరు అద్దెకుంటున్న గది ఖాళీ చేయించడానికి కూడా నేనే రావాలమ్మా."

"నువ్వు రానక్కర్లేదు బాబూ. ఈ రాత్రికే సామాను ఇక్కడికి తెచ్చేసుకుంటాను," అందావిడ. "అక్కడ నేనూ సంతకం పెట్టాను."