తలుపు కింది సందు

రవీందర్‌కు కోపం రావడానికి కారణం అక్కర్లేదు. ఆ రోజు మాత్రం ఒకటి ఉంది.

పొద్దున్నుంచీ ఏసీ నడుస్తున్నా ముందు గది చల్లబడటం లేదు. తలుపు కింద వేలు దూరేంత సందు, కిటికీ రెక్కల మధ్య ఇంకో సందు. చల్లదనమంతా బోధన్ రోడ్డు పాలవుతోంది. కరెంటు బిల్లు ఎక్కుతూనే ఉంది.

ఆదివారం కాబోయే కోడలు వర్ష వాళ్ల నాన్న మొదటిసారి ఇల్లు చూసుకోవడానికి వస్తున్నాడు. కొడుకు శేఖర్‌కు ముప్పై నాలుగేళ్లు. ఎన్నో సంబంధాలు తప్పిపోయాక, ఇద్దరూ ఇష్టపడ్డది ఇదొక్కటే.

సందులకు అంటించే రబ్బరు పట్టీలు తెచ్చిపెట్టి మూడు రోజులైంది. అంటిస్తానని ఫోన్‌లో ఒప్పుకున్న మెకానిక్ రాలేదు.

పదకొండింటికి గేటు దగ్గర ఒక పెద్దమనిషి నిలబడ్డాడు. చెమటకు తడిసిన చొక్కా, చేతిలో సంచి.

"అన్నా, నేను..."

"ఇప్పుడా వచ్చేది? మూడు రోజులాయె. పట్టీలు గక్కడున్నయ్."

"జర నా మాట..."

"మాటలొద్దు. పని చెయ్."

ఆయన రవీందర్‌ను చూశాడు. వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డ రవీందర్ భార్య శంకరమ్మను చూశాడు. సంచి పక్కన పెట్టి పట్టీల చుట్ట అందుకున్నాడు.

"అక్కా, ఒక ఊదుబత్తి ఉంటదా?"

"పూజ చేస్తవా ఏంది?" రవీందర్ కసిరాడు.

ఆయన వెలిగించిన ఊదుబత్తిని తలుపు అంచుల వెంట మెల్లగా జరిపాడు. పొగ వణికిన చోటల్లా పట్టీ అంటించాడు.

శంకరమ్మ చాయ్ తెచ్చింది.

"పనోనికి చాయెందుకే? నిన్నడిగిండా? అక్కల్ లేదు, బుద్ధి లేదు నీకు. లోపలికి నడువ్."

ఆమె గబుక్కున వెనక్కి తిరగబోతే చాయ్ సాసర్‌లో ఒలికింది. ఆయన లేచి కప్పును రెండు చేతులా అందుకున్నాడు.

"రోజూ గిట్లనే ఒర్రుతడా అక్కా?" మెల్లగా అడిగాడు.

"మామూలే అన్నా."

గంటలో పని అయిపోయింది. ఆయన తలుపు మూసి, తెరిచి చూశాడు.

"గాలి పోదింక. లోపల ఎవరు ఏడ్చినా బయటికి ఇనరాదు."

"గదే కావాలె. కూలెంత?"

"ఒద్దన్నా."

గుమ్మం దాటుతూ సంచి శంకరమ్మ చేతిలో పెట్టాడు. "మామిడిపండ్లు. మా చెట్టువి. నువ్వు తిను అక్కా."

సాయంత్రానికి గది హాయిగా చల్లబడింది. రవీందర్ కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఫోన్ మోగింది.

"అన్నా, నేను నదీం, పట్టీల మెకానిక్‌ని. ఇయ్యాల కుదరలే. రేపు పక్కా వస్త."

రవీందర్ ఫోన్ కింద పెట్టి శంకరమ్మ వైపు తిరిగాడు. "మరి పొద్దున వచ్చిందెవడు?"

అప్పుడే శేఖర్ లోపలికి వచ్చాడు. వెనకాల తలుపు ధడాలున వేశాడు.

"సంబంధం తెచ్చిన రేణుకమ్మ ఫోన్ చేసింది బాపు. ఈ ఇంటికి పిల్లనియ్యరంట. ఆదివారం దాక ఆగకుంట ఇయ్యాల్నే ఇల్లు చూడొచ్చిండంట. నోటికొచ్చినట్టు తిట్టుకుంట నువ్వు పట్టీలు అంటింపిచ్చుకున్నది వర్ష వాళ్ల బాపుతోని."