వేన్ పట్టుకుపోయిన చప్పుళ్లు

హార్లన్ వేన్ చేసిన ద్రోహం ఆర్విల్ టటిల్‌కి ఎన్నేళ్లయినా మింగుడు పడలేదు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన ఆ డిటెక్టివ్ నవలల రచయిత ఒక వేసవంతా ఆర్విల్ వాళ్ల మేడగదిలో అద్దెకుండి, చెవిన పడ్డదల్లా రాసుకుపోయాడు.

మొదటి నవలలో బావి గిలక కిర్రుమంది. అది అచ్చయిన నాటి నుంచి ఇక్కడి గిలక మూగదైపోయింది. ఇప్పుడు దేశంలో హత్యల కథ రాసే ప్రతివాడూ గిలక చప్పుడుతోనే మొదలుపెడుతున్నాడు. రెండో నవలలో కుక్క మొరిగింది. ఇక్కడి కుక్క నోరు తెరుస్తుంది, శబ్దం రాదు.

ఈ రాత్రి మూడోది చేతికొచ్చింది. ఆర్విల్‌కి చదువు అంతంత మాత్రం. భార్య ఐడా దీపం దగ్గర కూర్చుని పైకి చదువుతోంది.

"గాలికి అక్రోటు ఆకులు వానలా గలగలమన్నాయట. ఎంత బాగా రాశాడయ్యా నీ శత్రువు! మన తోటే ఇది."

"ఆపవే! ఇంకొక్క ముక్క చదవకు."

"నేనాపితే ఏం లాభం? ఈపాటికి దేశమంతా చదివేసుంటుంది."

ఇద్దరూ చెవులు రిక్కించారు. కిటికీ తెర గాలికి ఊగుతోంది కానీ ఆకుల అలికిడి లేదు.

ఆర్విల్ లాంతరు పట్టుకుని బయటికి నడిచాడు. పొగమంచు పాలలా పరుచుకుని ఉంది. మొదటి చెట్టు ఉండాల్సిన చోట చెయ్యి చాచాడు. బెరడు తగల్లేదు. ఇంకా ముందుకెళ్లాడు.

"చెట్లున్నాయా?" ఐడా గొంతు ఎంతో దూరం నుంచి వినిపించింది.

అతను మంచులో చేతులు చాపుకుని నడుస్తూనే ఉన్నాడు. తండ్రి నాటిన తోట, పదకొండున్నర ఎకరాలు, మూడువందల పన్నెండు చెట్లు.